కాజాల మిషను, కోర్టు అమీనా

"కోర్టు అమీనానండీ" అని ఆయన గేటు దగ్గర చెప్పిన మాట, లోపలి నలభై కుట్టుమిషన్ల హోరు దాటుకుని వాచ్‌మన్ చెవిలో పడేసరికి "కోటు అమ్మినానండీ" అయి కూర్చుంది.

"ఎవరికి అమ్మావ్?" అన్నాడు వాచ్‌మన్.

"అమ్మింది నేను కాదు. మీ పాత ఓనరు."

"ఆయన కోట్లెప్పుడు కుట్టించాడూ? మాదంతా చొక్కాల పనే!"

అమీనా నవ్వలేదు. ముప్పయ్యొక్కేళ్ళ ఉద్యోగంలో తన మాట తప్పుగా విన్నవాళ్ళకంటే విననట్టు నటించినవాళ్ళనే ఎక్కువ చూశాడు. సంచిలోంచి కోర్టు ముద్ర ఉన్న కాగితం తీసి వాచ్‌మన్ ముక్కు దగ్గర పెట్టాడు. చెవి చెయ్యని పని కన్ను చేసింది. గేటు తెరుచుకుంది.

కోర్టు తీర్పు చెప్పి ఊరుకుంటుంది. తీర్పుకు కాళ్ళుండవు. ఆ కాళ్ళు అమీనావి. ఈయన కాళ్ళయితే మరీ పొడుగు. సంచి ఎప్పుడూ ఎడమ భుజానికే తగిలించడం వల్ల ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగి, మనిషి కొద్దిగా ఎడమకు ఒరిగి, ఎప్పుడూ ఎవరి మాటో శ్రద్ధగా వింటున్నట్టు కనిపిస్తాడు. ఆఫీసులో ఆయన్ని 'మూడోసారి' అంటారు. తలుపు వేసి ఉంటే మిగతా అమీనాలు "ఇంట్లో ఎవరూ లేరు" అని రాసి తిరిగొస్తారు. ఈయన రెండోసారి వెళ్తాడు, మూడోసారీ వెళ్తాడు. చుట్టాలింటికి వెళ్ళినా పిల్లలు పరుగెత్తుకొచ్చి ఫ్రిజ్‌కు అడ్డంగా నిలబడేవాళ్ళు. "మా పెళ్ళిచూపులకీ ఈయన మూడుసార్లొచ్చారు. జప్తు చేసుకుపోయేదాకా వదల్లేదు" అంటుంది ఆయన భార్య.

ఇక్కడికి రావడమూ ఇది మూడోసారే.

ఆయన వెనకాల నాలుగడుగుల దూరంలో కాజాలక్క నిలబడి ఉంది. పొట్టి మనిషి. కుడి బొటనవేలి గోరు సూది దిగి రెండుగా చీలి, అలాగే పెరిగింది. ఆరేళ్ళు ఇదే షెడ్డులో, సొంత మిషను తెచ్చుకుని, చొక్కాలకు కాజాలు వేసింది. మానేసి వెళ్తానన్నప్పుడు పాత ఓనరు, "నువ్వెళ్ళు, మిషను ఉండనీ. అది నీదని ఎవరన్నారు?" అన్నాడు. మిషను నంబరు ఉన్న, కొన్నప్పటి రసీదు పట్టుకుని ఆమె కోర్టుకెళ్ళింది. మిషను ఆమెకు తిరిగి ఇవ్వాలని తీర్పు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ చేత్తోనే కాజాలు కుట్టి బతికింది. షెడ్డులో మాత్రం, "కాజాలక్క కంపెనీ మిషను కొట్టేద్దామని కేసేసింది" అన్న మాట గోడల్లోకి కూడా ఇంకిపోయింది.

అమీనా మొదటిసారి వచ్చినప్పుడు పాత ఓనరు దణ్ణం పెట్టి, వారం గడువు అడిగి, ఆ పూటే కోర్టులో తెచ్చుకున్నాడు. రెండోసారి వచ్చేసరికి బోర్డే మారిపోయింది. పాత పేరు మీద కొత్త పేరున్న రేకు కొట్టి ఉంది. కంపెనీని బావమరిదికి అమ్మేశాడట. బావ బోర్డు దించి, బావమరిది బోర్డు ఎక్కించాడు. బావుంది వరస! తీర్పులో ఉన్న కంపెనీ లేదు, ఉన్న కంపెనీ తీర్పులో లేదు.

ఆ రోజు అమీనా ఆఫీసుకెళ్ళి రాసిన రిపోర్టు ఒక్క పేజీ. "బోర్డు కొత్తది. మేకులు కొత్తవి. గేటు తాళం పాతదే. తాళంచెవి పాత యజమాని భార్య చేతిసంచిలోంచి వచ్చింది. ఆవిడ కొత్త యజమానికి అక్క. పనివాళ్ళు నలభై ఒక్కరు, మునుపటివారే." జడ్జిగారు అది రెండుసార్లు చదివి ఉత్తర్వులో ఒక వాక్యం చేర్పించారు: 'ఆ కంపెనీ గానీ, దాన్ని కొని నడుపుతున్నవారు గానీ.'

ఆ ఉత్తర్వుకు ఈ సాయంత్రం ఐదు గంటలవరకే గడువు. వట్టి చేతులతో తిరిగి వెళితే ఫైలు మూతపడుతుంది. కాజాలక్క మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

కొత్త ఓనరు గాజు గదిలోంచి బయటికొచ్చాడు. చొక్కా మడత నలగలేదు. మాటా నలగలేదు.

"అదంతా పాత కంపెనీ అండీ. నేను కొత్త. మా బావ అమ్మేసి వెళ్ళిపోయాడు. వెళ్ళి ఆయన్ని పట్టుకోండి."

"అమ్మినా అమీనా వస్తాడు బాబూ" అన్నాడాయన. ముప్పయ్యొక్కేళ్ళలో ఆయన నోట వచ్చిన చమత్కారం అదొక్కటే. అదీ తెలియక వచ్చిందే. "ఈ వాక్యం చదవండి."

కొత్త ఓనరు చదివి, పెదవి విరిచి, చెయ్యి చాపాడు. "సరే. తీసుకెళ్ళండి. ఏదో చూపించండి మరి."

కాజాల మిషన్లు మూడున్నాయి. మూడింటికీ నిగనిగలాడే నీలం రంగు. పేరు పలకలు లేవు. కవల పిల్లల్లో పెద్దవాణ్ణి పట్టుకోమన్నట్టుంది.

కాజాలక్క మూడింటినీ మార్చి మార్చి చూసింది. "నాది ఆకుపచ్చదండీ..."

"ఆకుపచ్చవి మా దగ్గర లేవే" అన్నాడు ఓనరు. కుర్రకారు కొందరు కిసుక్కుమన్నారు.

ఏది ఆమెదో తేల్చే అధికారం అమీనాకు లేదు. ఉత్తర్వులో ఉన్న నంబరు కనిపిస్తే తీసుకెళ్ళాలి, కనిపించకపోతే లేదని రాయాలి. ఆయన చేతిరుమాలు తీసి నేల మీద పరిచి, దాని మీద మోకాలు ఆనించాడు. మొదటి మిషను తలను వెనక్కి వాల్చి, టార్చిలైటు వేసి చూశాడు. రెండోదీ వాల్చాడు. ఊరికే దింపేశాడు. మూడోది వాల్చి ఆగిపోయాడు.

"మీ పెయింటరు తొందరపడ్డాడు" అన్నాడు నెమ్మదిగా. "నూనె తుడవకుండా రంగేశాడు. నూనె ఉన్నచోట రంగు నిలవదు."

అడుగున అరచేయంత మేర నీలం పొరలుగా లేచి ఉంది. గోటితో గీరితే ఊడొచ్చింది. కింద ఆకుపచ్చ. ఆకుపచ్చ మధ్యలో ఇనుములో దిగిన ఏడు అంకెలు, ఉత్తర్వులో ఉన్నవే.

అప్పుడాయన సంచిలోంచి మరో కాగితం తీశాడు. మొదటిసారి వచ్చిన రోజు, గడువు దొరికిందని అందరూ వెళ్ళిపోయాక, ఇదే చోట పల్చటి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దుకున్న అచ్చు అది. వస్తువు ఏదైనా దాని నంబరు రాసుకోడు, రుద్దుకుంటాడు. "రాస్తే నా చెయ్యి తప్పు చెయ్యొచ్చు. రుద్దితే ఇనుమే చెబుతుంది" అంటాడు. ఆఫీసులో వెనకాల నవ్వుకునేవాళ్ళు. నెల నెలా పెన్సిళ్ళు తన డబ్బుతోనే కొనుక్కునేవాడు.

కాగితాన్ని అంకెల పక్కన పెట్టాడు. మూడో అంకె తోకకు ఇనుములో చిన్న గంటు ఉంది. కాగితంలోనూ ఉంది.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. హోరు తగ్గి, షెడ్డులో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. తెల్లజుట్టు కటింగ్ మాస్టరు టేపు మెడలో వేసుకుని ముందుకొచ్చాడు.

"అయ్యా, అడుగుతున్నానని ఏమనుకోకండి. కంపెనీ మిషను కాజేద్దామని ఈ అక్క కేసేసిందని మాకందరికీ చెప్పారు. అసలు సంగతేంటి?"

ఓనరు ఏదో అనబోయాడు. అమీనా లేచి నిలబడ్డాడు. మొట్టమొదటిసారి ఒరగకుండా, నిటారుగా.

"అందరూ వినండి. ఈవిడ కంపెనీ సొమ్ము అడగలేదు. సొంత మిషను తెచ్చుకుని ఇక్కడ పనిచేసింది. వెళ్ళేటప్పుడు తీసుకెళ్తానంది, అంతే. ఆమెదేనని కోర్టు చెప్పింది. కంపెనీ చేతులు మారింది, బోర్డు మారింది, రంగు మారింది. మిషను మారలేదు. ఎవరైనా తనది తాను అమ్ముకోవచ్చు. ఇంకొకరిది అమ్మితే కొన్నవాడికి కూడా రాదు. ఈ అక్క దొంగ కాదు. దొంగ అన్న మాట కూడా ఇవాళ నాతోపాటే ఇక్కణ్ణుంచి వెళ్ళిపోవాలి."

మాస్టరు "తప్పయిందమ్మా" అని, మిషను ఒక పక్క తానే పట్టుకున్నాడు. రెండో పక్క ఇందాక కిసుక్కుమన్నవాళ్ళు పట్టారు.

"ఆగండాగండి" అంది కాజాలక్క. "నాలుగేళ్ళయింది. ఓసారి నడిపి చూసుకుంటా."

దారం ఎక్కించి, చేతికందిన తెల్లగుడ్డ పీలిక పెట్టి తొక్కింది. టకటకమంటూ ఆరు కాజాలు పడ్డాయి. తలెత్తి చూసేసరికి ఆమె మెడ పొడుగైనట్టనిపించింది. ఆటో ఎక్కేముందు ఆ పీలికను మడిచి అమీనా చేతిలో పెట్టింది.

"ఇంకేమీ ఇవ్వలేనండీ. ఇది ఉంచుకోండి."

నాలుగున్నరకు ఆయన కోర్టులో అమీనాల పై అధికారి నాజరుగారి బల్ల ముందు కూర్చుని రిపోర్టు రాశాడు. 'అమలైనది' అన్న మాట కింద ఎప్పటిలాగే రెండు గీతలు గీశాడు. సంచి, కోర్టు బిళ్ల, టార్చిలైటు వరసగా అప్పగించి సంతకం పెట్టాడు.

"రేపట్నుంచి మీ బీటు కొత్తాయనది. కష్టమే పాపం, మూడోసారి వెళ్తాడో లేదో" అన్నారు నాజరు. "ఇంకో వారం ఉండమంటే ఉండేవారా?"

"వయసు కూడా ఉత్తర్వేనండీ. అమలు కావాలిగా" అని నవ్వి, ఖాళీ భుజంతో మెట్లు దిగాడు. సంచి లేకపోయినా మనిషి ఎడమకే ఒరిగి ఉన్నాడు.

నాజరు ఫైలు దగ్గరికి లాక్కుని చూశారు. కక్షిదారుల దగ్గర గుడ్డపీలిక కూడా పుచ్చుకోని మనిషి, దాన్ని గుండుసూదితో రిపోర్టుకు గుచ్చి, పక్కన 'మిషను పనిచేయుచున్నదనుటకు నిదర్శనం' అని రాసి వెళ్ళాడు. ఫ్యాను గాలికి పేజీ లేచినప్పుడల్లా, తెల్లటి పీలిక మీద ఆరు కాజాలు, ఇంకా ఏ బొత్తామూ దూరనివి, కొద్దిగా తెరుచుకుంటున్నాయి.