చీటీలో తప్పు ఆయనది

ఇంగ్లీషు క్లాసులో చేరేనాటికి నా దగ్గరున్న సరుకు కొద్దిపాటిది. బటన్, జిప్, లేసు, ఎలాస్టిక్, డిస్కౌంటు. అన్నీ మా షాపులో పలికే మాటలే. ఇన్నేళ్లూ వాటితోనే బేరాలు నడిపాను. "ఇప్పుడొచ్చే గిరాకీ అంతా ఇంగ్లీషే. కౌంటర్లో కూర్చునే మనిషివి, నాలుగు ముక్కలు నేర్చుకో" అని మా ఆయనే పంపాడు.

ఆ వారం పాఠం మనుషుల మధ్య సంబంధాల గురించి. ఫాల్ అవుట్ అంటే మాటా మాటా పెరిగి ఎడమొహం పెడమొహం కావడమట. మేక్ అప్ అంటే మళ్లీ కలిసిపోవడం. పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం. పుట్ తెలుసు, అప్ తెలుసు, విత్ కూడా తెలుసు. మూడూ ఒక పొట్లంలో కట్టగానే అంత బరువు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం అర్థం కాలేదు.

ఇంట్లో అప్పటికే మాకు ఫాల్ అవుట్ నడుస్తోంది. "సోమవారం నుంచి కౌంటర్లో తమ్ముడు కూర్చుంటాడు. ఖాళీగా ఉన్నాడు పాపం. నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండు" అన్నాడాయన. "వాడి ఖాళీ తెచ్చి నాకు అంటగడతారా?" అన్నాను. అంతే, మాటల్లేవు. అత్తగారు మాత్రం ఎప్పటి మాటే అన్నారు: "ఆడది ఒక మెట్టు దిగితే ఇల్లు నిలబడుతుందమ్మా." ఎన్ని మెట్లు దిగానో! ఇంకా దిగడానికి మెట్లెక్కడివో!

క్లాసులో మేడమ్ నన్నూ ఒక బస్సు డ్రైవర్‌నీ భార్యాభర్తలుగా నిలబెట్టి చీటీ ఇచ్చింది. భార్య వండిపెట్టుకుని ఎదురుచూస్తుంటే భర్త బయట తినేసి వచ్చాడు. గొడవైంది. ఇప్పుడు మేక్ అప్ అవ్వాలి.

"ఐ యామ్ సారీ" అన్నాను వెంటనే.

"ఇట్స్ ఓకే. డోంట్ డూ ఎగైన్" అన్నాడు డ్రైవర్, పెద్దమనసు చేసుకుని.

క్లాసంతా చప్పట్లు. మేడమ్ మాత్రం, "సారీ మీరెందుకు చెప్పారు?" అంది.

"ఎవరో ఒకరు చెప్పాలిగా మేడమ్."

"చీటీ మళ్లీ చదవండి."

చదివాను. డ్రైవర్ మెడ గోక్కున్నాడు. "నిజమే అక్కా. నేనూ మీరే చెబుతారని చూస్తున్నా."

"మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి మీరు ఆగండి" అంది మేడమ్ నాతో.

ఆగాను. నాలుక చివరిదాకా వచ్చిన మాటని పట్టి ఉంచడం ఇంత కష్టమా? చివరికి డ్రైవర్, "సారీ. నెక్స్ట్ టైమ్ ఫోన్ చేస్తా" అన్నాడు. తర్వాత నేనేం అనాలి? సారీ విన్నాక భార్య ఏమంటుందో నాకు తెలియదు. ఆ అలవాటే లేదు.

ఆదివారం సాయంత్రం మా ఆయనకి టీ ఇచ్చాను. ఎప్పుడూ టీతో పాటు ఇచ్చే మాట ఇవ్వలేదు. గ్లాసు పట్టుకుని కాసేపు చూశాడు.

"ఏంటి, ఇంకా దిగిరాలేదా?"

"ఎక్కితే కదా దిగడానికి!"

అన్నాక నాకే భయమేసింది. ఇది పౌరుషమా, మొండితనమా? తేల్చుకోలేకపోయాను. తేల్చుకోకుండానే సోమవారం పొద్దున అందరికంటే ముందు వెళ్లి షట్టర్ తీసి నా స్టూలు మీద కూర్చున్నాను.

మరిది వచ్చాడు, వెనకాలే మా ఆయన. "వదినా, అన్నయ్య చెప్పలేదా?"

"చెప్పారు. నేను ఒప్పుకోలేదు. లోపల లేసు కట్టలు కలగాపులగంగా ఉన్నాయి, వెడల్పుల వారీగా సర్దు. పని నేర్చుకున్నట్టూ ఉంటుంది."

వాడు అన్నయ్య వైపు చూశాడు. ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అనబోయి, గిరాకీ రావడంతో పక్కకి జరిగాడు. వాడు లోపలికి వెళ్లాడు.

సాయంత్రం లెక్క చూసుకున్నాను. ఆయన సారీ చెప్పలేదు. కౌంటర్ నాదేనని ఒప్పుకోనూ లేదు. రేపు ఏమంటాడో తెలియదు. మేం కలిసి ఉన్నామో, తెగతెంపులకి దగ్గరపడ్డామో, దానికి ఇంగ్లీషులో ఏ మాట ఉందో కూడా తెలియదు. ఇన్నేళ్లూ దుబారా చేసిన మాట ఒకటి మాత్రం, మొదటిసారి, నా దగ్గరే మిగిలింది.