దించిన పటం

దెయ్యాల బంగ్లా తలుపులు ఆదివారం అందరికీ తీస్తారని కుళాయి దగ్గర నూకరత్నం చెప్పిందట. "ఎల్లినోళ్లకి టీ, బిస్కత్తులు ఇచ్చి పేర్లు రాసుకుంటారంట. పేరు రాయించుకున్నోడు ఏడాది తిరక్కుండా పోతాడంట" అందట. రోజలిన్ బిందె దింపుతూ ఆ మాటలే మొగుడికి అప్పజెప్పింది.

రూఫస్ నవ్వలేదు. ఆ బంగ్లాకి కాపలాదారు అతనే. అనకాపల్లిలో ఫ్రీమేసన్లు అనే రహస్య సంఘంవాళ్లు కూడుకునే ఆ పాత హాలు తాళంచెవి పదకొండేళ్లుగా అతని మొలతాడుకే ఉంది. సభ జరిగినంతసేపూ మూసిన తలుపు బయట నిలబడాలి. మిగతా రోజులు ఊడ్చి తుడవాలి. ఆ పనిలో చేరిన నెలలోనే, అక్కడ దెయ్యాల పూజ జరుగుతుందని, చర్చిలో అతన్ని ప్రభువు బల్లకి దూరం పెట్టారు. నెలనెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పళ్లెం బెంచీ వెంట వస్తుంది. అతని ముందునుంచే దాటి రోజలిన్ చేతికి పోతుంది.

"లోపల ఏం చేస్తారో చెప్పు" అంటారు పెద్దలు.

"నాను బయటుంటానండి" అంటాడు. ఎవరూ నమ్మరు. పని మానేస్తే కాపురముంటున్న హాలు వెనక గది ఖాళీ చెయ్యాలి. మానకపోతే పళ్లెం దాటిపోతూనే ఉంటుంది.

అందుకే, హాలు కట్టి వందేళ్లయింది, ఊరికి చూపిద్దామని ఫ్రీమేసన్ల సెక్రటరీ డాక్టరుగారు అనగానే రూఫస్‌కి ప్రాణం లేచొచ్చింది. చర్చి సంఘ పెద్ద జయప్రకాశ్ మాస్టారింటికి మూడుసార్లు వెళ్లి పిలిచాడు.

శనివారం హాలు కడుగుతూ గోడమీది పటం దగ్గర ఆగిపోయాడు. శవపేటిక, పుర్రె, అడ్డంగా రెండెముకలు. మాస్టారు ఇది చూస్తే ఇంకేమైనా ఉందా? ఎవరికీ చెప్పకుండా దించి, సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాడు.

ఆదివారం ఆరాధన కాగానే మాస్టారు వచ్చారు. నలుపు తెలుపు గళ్ల నేల చూశారు, పెద్ద కుర్చీలు చూశారు, మధ్యలో తెరిచి ఉన్న బైబిలు దగ్గర నిలబడిపోయారు.

"మన గ్రంథమే!"

"సెప్పేను కదా మాస్టారూ" అన్నాడు రూఫస్, కళ్లు తడిసి.

"అయితే వచ్చే నెల..." అంటూ మాస్టారు గోడకేసి చూసి ఆగారు. మాసిన సున్నం మధ్యలో కిటికీ అంత తెల్లటి చోటు. "ఇక్కడేటుండేది రూఫసూ?"

చెబితే పటం, చెప్పకపోతే అబద్ధం. ఈలోగా డాక్టరుగారే, "మా పటమేది? ఎవరు దించారు? దాచడానికేముంది, తీసుకురా" అన్నారు.

రూఫస్ వెళ్లి సామాన్ల గది తాళం తీశాడు. పటం వెలుతురులోకి రాగానే, టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఉన్న నూకరత్నం "ఓలమ్మో!" అని వెనక్కి తగ్గింది.

"మనిషికి చావు గుర్తుండాలని పెట్టిందండీ, అంతే" అన్నారు డాక్టరుగారు.

మాస్టారు తలూపి చెప్పుల్లో కాళ్లు పెట్టారు. రోజలిన్ అడ్డంగా వచ్చి నిలబడింది. "ఉట్టి బొమ్మే కదండీ మాస్టారూ. మరి మా ఆయనకి పళ్లెం ఇత్తారా?"

"ఇవ్వమమ్మా. బొమ్మకి కాదు, దాసినందుకు."