చిప్ లోపలి దొంగదారి

నా కోపం సరస్సు మీద కాదు. మంచు కరిగితే సరస్సు నిండుతుంది, నిండితే తెగుతుంది. దాని పని అది చేసింది. నా కోపం మా అగాయ్ మీద, ఆయనకన్నా ఎక్కువ నా మీద.

మా రాజధాని బిష్కెక్‌లో మా పరికరాల వర్క్‌షాపు పెద్ద సాగిన్‌బెక్. గురువు గనక అందరం అగాయ్ అంటాం. కొండమీది సరస్సు మట్టం చెప్పే పెట్టెను గీసింది ఆయనే. అందులో ఒక చిప్ నీటి ఒత్తిడిని అంకెగా మార్చి మాకు పంపుతుంది. దానికి కరెంటు తీగలు రెండు: కొలిచే భాగానికి అనలాగ్ తీగ, అంకెలు పంపే భాగానికి డిజిటల్ తీగ.

పెట్టె పూర్తయిన రోజు విందు. ఆ చిప్ కాగితాలన్నీ చదివినదాన్ని గనక ఊరుకోలేక చెప్పాను.

"అగాయ్, తీగలు బయట వేరేగానీ, చిప్ లోపల రెండింటికీ దారి ఉంది. అనలాగ్ తీగ తెగినా చిప్ చావదు. పక్కదాని కరెంటు తాగుతూ బతికి తప్పుడు అంకెలు చెబుతుంది. ఆ తీగకు కాపలాగా ఇంకో మీటరు పెడదాం."

మా ఆచారం ప్రకారం విందులో ఉడికించిన గొర్రె తల పెద్దాయన ముందే పెడతారు. ఆయన దాని చెవి కోసి చిన్నవాళ్లకు ఇస్తాడు, పెద్దలమాట వినాలని. అగాయ్ ఆ చెవి నా అరచేతిలో పెట్టాడు.

"తిను బెగిమై, వినడం వస్తుంది. రెండింటికీ వేరు కాపురాలు పెట్టినవాణ్ణి నేను. పిల్లకాకివి, నీకేం తెలుసే ఉండేలు దెబ్బ!"

అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. చెవి తిని, పెట్టె సరిగ్గా ఉందన్న కాగితాల మీద సంతకం పెట్టాను.

రెండేళ్ల తర్వాత, జూలైలో, సరస్సు కింది లోయలో డేరా వేసుకున్న కాపరి ఓరోజ్‌బై ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నీళ్లు ఎర్రబండను ముట్టుకున్నాయి. డేరా పైకి మార్చమంటావా? మా ఆవిడ సయకాన్‌కు కాలు విరిగి ఉంది, ఊరికే కదిలించలేను."

మా తెరమీద మట్టం వారం నుంచీ ఒకటే అంకె. మంచు కరిగే నెలలో కదలని అంకె! అగాయ్‌కు చెప్పాను.

"కాపరి కన్ను నమ్మాలా, నా పెట్టెను నమ్మాలా? చెడిపోతే అసలు అంకే రాదుగా. ఉండమను."

అది తప్పని నాకు తెలుసు. అయినా ఫోన్లో అన్నాను: "అక్కడే ఉండండి బాబాయ్."

మూడో రోజు మధ్యాహ్నం సరస్సు తెగింది. ఓరోజ్‌బై గొర్రెలతో కొండమీద ఉన్నాడు. సయకాన్ డేరాలో ఉంది.

పెట్టె పై బండమీద చెక్కుచెదరకుండా దొరికింది. అనలాగ్ తీగను కొండ ఎలుక కొరికేసింది. డిజిటల్ తీగ నిక్షేపంగా ఉంది. సయకాన్ కోసం బురద తవ్వినచోటే, జరిగిందంతా ఓరోజ్‌బైకి చెప్పేశాను.

సయకాన్ పోయిన నలభయ్యోరోజు విందుకు ఓరోజ్‌బై మమ్మల్నీ పిలిచాడు. ఆనవాయితీ తప్పకుండా గొర్రె తల అగాయ్ ముందు పెట్టాడు. అగాయ్ చెవి కోశాడు. అలవాటు కొద్దీ చెయ్యి నా వైపు వచ్చింది. ఓరోజ్‌బై ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఈసారి అది మీరే తినండి అగాయ్. ఈ పిల్లకు అన్నీ వినబడ్డాయి." తర్వాత నావైపు తిరిగాడు. "నాకు ఒక్కమాట చెప్పడానికే నోరు రాలేదు కదమ్మా నీకు!"

అగాయ్ తలెత్తకుండా నమిలాడు. అక్కడ చిన్నదాన్ని నేనే గనక లేచి, అందరికీ టీ పోశాను.