తారు అతుకు

ఇప్పుడు మోటారు సైకిలు రేసులకి వెళ్ళి చూడండి, ఒకడు ఎర్రగా, ఒకడు నీలంగా, ఒకడు చిలకలా పచ్చగా కనిపిస్తాడు. ఈ రంగు తోలు సూట్లు ఎవరు మొదలుపెట్టారని అడిగితే తలా ఒక పేరు చెబుతారు. పేపర్లో ఫొటో బాగా పడాలని ఒకడంటాడు, అమ్మాయిల కోసమని ఇంకొకడంటాడు. మొట్టమొదట ఎవరో నాకూ తెలీదు. ఇంగ్లండులో మా లాంకషైర్ వైపు మొదటి రంగు సూటు కుట్టింది మాత్రం నేనే. ఎందుకు కుట్టానో చెబుతాను.

నేత మిల్లు వెనక సందులో నా కొట్టు. కుర్రాళ్ళందరికీ నేను విల్ఫ్ మామని. బడికి వెళ్ళింది తక్కువ, వెళ్ళినన్నాళ్ళూ మేష్టరు కుర్చీకి జిగురు రాయడంతోనే సరిపోయింది. తోలు కోయడం మాత్రం బాగా వచ్చు. మోటారు సైకిలు రేసుల వాళ్ళకి మెడ నుంచి మడమ దాకా ఒకే ముక్కగా సూటు కుట్టేవాణ్ణి. అన్నీ నలుపే. పడ్డప్పుడు తోలు గీసుకుపోతే బూటు పాలిష్ డబ్బా తీసి రుద్దేవారు. రేసు ముందు తనిఖీ చేసే పెద్దమనిషి వేలితో నొక్కి చూసి, సరే పో అనేవాడు. నలుపు అన్నిటినీ దాచేది. మనిషిని కూడా దాస్తుందని మాకు తట్టలేదు.

మాకు అంటే తప్పు. ఒకడికి తట్టింది. మా అక్క హిల్డా కొడుకు ఆల్విన్.

అరవై ఒకటి, ఫిబ్రవరి. నేనప్పుడు ఒకడి కొత్త సూటు చేతుల చివర్లు దొంగకుట్లు వేసి మూసేస్తున్నాను. వాడొచ్చి చెయ్యి దూర్చలేక గింజుకుంటుంటే టీ తాగుతూ చూడాలని. ఆల్విన్ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"మావయ్యా, నాకీసారి ఎర్ర సూటు కుట్టు."

"ఎర్రదా! ఎవర్రా ఆ పిల్ల?"

"పిల్లా లేదు, పాడూ లేదు. కిందటేడు మాన్ ద్వీపం రేసులో, కొండ మీద పొగమంచులో ముందున్నోడు నాకు చివరిదాకా కనపడలేదు. రోడ్డు నలుపు, బండి నలుపు, వాడూ నలుపు. నేను పడితే వెనకోడికి నేనూ అంతేగా?"

"పడకు మరి."

"మావయ్యా, నిజంగా అడుగుతున్నా."

"సరేరా, శనివారం పబ్బుకి రా. కొలతలు తీస్తా."

శనివారం వాడు వచ్చేసరికి ఎర్ర రెక్సిన్ గుడ్డతో ఛాతీకి కట్టే పెద్ద సంచి కుట్టి తీసుకెళ్ళాను. మధ్యలో అడ్డంగా చీలిక. కింద తెల్ల పెయింటుతో 'ఉత్తరాలు ఇందులో వేయవలెను'. వాడి వెనక నుంచి వెళ్ళి కట్టేశాను. పబ్బు పబ్బంతా లేచి లైను కట్టింది. గుర్రప్పందెం చీటీలు వేశారు, సిగరెట్ పెట్టెలు వేశారు. వాడి నేస్తం, వాడితో పాటే రేసులు తోలే ఎదురింటి రెజ్ హాల్‌స్టెడ్, సీసాలో ఊరబెట్టిన కోడిగుడ్డు వేశాడు. "ఈ ఉత్తరం లండన్ ఎప్పుడు చేరుద్ది బాబూ?" అని ఒకడు. ఆల్విన్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. పొగరుకి ఎర్రది అడిగాడని అందరూ అనుకున్నారు. అసలు సంగతి నాకొక్కడికే చెప్పాడు, నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే తమాషా చప్పబడిపోతుందిగా.

వాడు మళ్ళీ అడగలేదు. నేను నల్ల సూటే కుట్టాను. అంత బాగా అంతకుముందు ఏదీ కుట్టలేదు.

జూన్‌లో కుర్రాళ్ళు రేసుకి మాన్ ద్వీపానికి వెళ్ళారు. తెల్లవారుజామున ప్రాక్టీసు. ఒకడి వెనక ఒకణ్ణి కొన్ని సెకన్ల తేడాతో వదులుతారు. కొండ మీద మంచు కమ్మేసింది. ఒక మలుపులో ఆల్విన్ బండి జారింది. కాలు విరిగినట్టుంది, అంతే. గోడ దగ్గరికి పాక్కుంటూ వెళ్తున్నాడట. వెనకవాళ్ళని హెచ్చరించే జెండా మనిషి ఇంకా పరిగెత్తుకుంటూ వస్తూనే ఉన్నాడు. ఈలోపు వెనక బండి వచ్చింది.

ఆ బండి మీద ఉన్నవాడు రెజ్.

శవపెట్టె ఓడలో వచ్చింది. చర్చి దగ్గర రెజ్ లోపలికి రాలేదు, గేటు బయట టోపీ చేత్తో పట్టుకుని వానలో నిలబడ్డాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"విల్ఫ్, ఆ హంతకుణ్ణి నా కంట పడొద్దను."

"సరే అక్కా."

నేనే వెళ్ళి చెప్పాను వాడికి. వాడు తలూపి వెళ్ళిపోయాడు. ఆ తరవాత మిల్లులో ఆడవాళ్ళెవరూ రెజ్ తల్లితో మాట్లాడలేదు. రొట్టెల కొట్లో ఆవిడ లైన్లో నిలబడితే ముందూ వెనకా ఖాళీ వదిలేవారు. ఇరవయ్యేళ్ళ పాటు అక్క పక్క మగ్గాల మీదే పనిచేసిన మనిషి. అక్క కళ్ళెత్తి చూసేది కాదు. నేను చూసేవాణ్ణి. చూసి, కొట్లోకి వచ్చి పని చేసుకునేవాణ్ణి. ఆల్విన్ ఎర్రది ఎందుకడిగాడో ఒక్క ముక్క చెబితే ఆ బరువులో సగం నా మీదకి వచ్చేది. రోజూ చెబుదామనుకునేవాణ్ణి. అక్క నాకు రాత్రి భోజనం వడ్డించేది, నేను తినేవాణ్ణి.

ఆగస్టులో రెజ్ కొట్టుకి వచ్చాడు. చిక్కిపోయాడు. తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"రావచ్చా మావా?"

"కాళ్ళు తుడుచుకునిరా. ఏం కావాలి?"

"పసుపు సూటు. కోడిపిల్ల పసుపు. ఎంత వెకిలిగా ఉంటే అంత మంచిది."

నేను కత్తెర కింద పెట్టాను. వాడు నేల చూస్తూ చెప్పాడు.

"ఆ కొండ రోడ్డుకి అక్కడక్కడ తారు అతుకులేశారు, తెలుసుగా. తడిస్తే సబ్బే. వాటి మీదకొస్తే బండి వంచకూడదు, పక్కకి తిప్పకూడదు, నిటారుగా పెట్టి నేరుగా పోవాలి. మా అందరికీ మొదటి రోజే నేర్పేది అదే. ఆ మంచులో నాకు నల్లగా తారు అతుకు కనపడింది మావా. బండి నిటారుగా పెట్టా. నేరుగా పోనిచ్చా."

వాడు ఏడవలేదు.

"మనిషనుకునుంటే తిప్పేవాణ్ణి," అన్నాడు. "చోటుంది. రెండు బళ్ళకి చోటుంది."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. వచ్చింది వేరే మాట.

"పసుపులో గట్టి తోలు దొరకదురా. గట్టివన్నీ కార్ఖానాలోనే నల్లగా అద్ది పంపిస్తారు, దాని మీద పసుపు ఎక్కదు. చేతి తొడుగులు కుట్టేవాళ్ళ దగ్గర ఉంటుంది పసుపు. మెత్తన, పల్చన. రోడ్డు మీద పడ్డావంటే ఉల్లిపొరలా పోతుంది."

"పోతే నా చర్మం పోద్ది. వెనకాలొచ్చేవోడి నిద్ర మిగులుద్ది. కుట్టు."

కుట్టాను. మోచేతులకి, మోకాళ్ళకి, తుంటికి రెండు పొరలు వేశాను. వీపుకి ఒకటే. అక్కడ రెండు వేస్తే ట్యాంకు మీదకి వంగలేడు.

సెప్టెంబరులో పాత విమానాశ్రయం మైదానంలో రేసు. పొద్దుటి నుంచీ బూడిదరంగు వాన. గుడారాల మధ్య నుంచి రెజ్ నడిచి వస్తుంటే నలభైమంది నల్ల సూట్లవాళ్ళు టీ కప్పులతో తిరిగి చూశారు.

"ఒరేయ్, కస్టర్డ్ వచ్చిందిరోయ్! గిన్నెలు తెచ్చుకోండి!"

"అరటిపండూ, తొక్క ఎవరు తీస్తార్రా నీకు?"

"మీ అమ్మ కర్టెన్లు అడిగిందిరా రెజ్!"

వేరే రోజైతే వాటికన్నా మంచివి నేనే అందించేవాణ్ణి. ఆ రోజు రెజ్ పక్కన గొడుగు పట్టుకుని నడిచాను. వాళ్ళకి కారణం తెలీదు. వాడు చెప్పడు. చెబితే జాలిపడతారని వాడి భయం.

తనిఖీ బల్ల దగ్గర పెద్దమనిషి కళ్ళజోడు తీశాడు. "ఏంటిది, సర్కసా?"

"రూల్సు పుస్తకంలో తోలు అని రాసుంది, రంగు రాయలేదు దొరా," అన్నాను.

"పల్చగా కనపడుతోందే."

"మీరే నొక్కి చూడండి," అంటూ రెజ్ మోచెయ్యి ఎత్తి పట్టుకుని అందించాను. అక్కడ రెండు పొరలు. ఆయన బొటనవేలితో నొక్కాడు, గోరుతో గీశాడు, చీటీ మీద సంతకం పెట్టాడు. వీపు ఆయన వైపు తిరగకుండా నేను గొడుగుతో అడ్డం నిలబడ్డాను. నా చేతివాటం అలాంటి వాటికి బాగా పనికొస్తుంది.

నాలుగో చుట్టులో పడ్డాడు. ముందు చక్రం నీళ్ళ మీద తేలిపోయింది. బండి గడ్డిలోకి పోయింది, వాడు వెల్లకిలా రోడ్డు వెంబడే జారుకుంటూ పోయాడు. చాలా దూరం. ఆగిన చోట కదల్లేదు. వెనక మూడు బళ్ళు నీళ్ళు చిమ్ముకుంటూ వస్తున్నాయి. నేను కంచె పట్టుకుని ఉన్నాను. అంత వానలో, అంత బూడిదలో, ఆ నల్ల రోడ్డు మీద పసుప్పచ్చగా ఒక్క మనిషి. ఫర్లాంగు దూరంలో ఉన్న నాకే కనపడుతున్నాడు. మొదటి బండి ఎడమకి పోయింది. రెండోది కుడికి. మూడోవాడు బ్రేకులేసి అటూ ఇటూ ఊగి గడ్డిలోకి దిగి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఎవరూ వాణ్ణి తాకలేదు.

నేను వెళ్ళేసరికి స్ట్రెచరు మీద బోర్లా పడుకోబెట్టారు. వీపు మీద సూటు లేదు. సూటు కింద ఉండాల్సింది కూడా చాలావరకు లేదు. నేను కుట్టిన అంచులు మాత్రం రెండు పక్కలా తాళ్ళలా నిలిచి ఉన్నాయి. పొద్దున గిన్నెలు తెచ్చుకోమన్నవాడే ఒక పక్క మోస్తున్నాడు.

ఆదివారం ఆసుపత్రికి వెళ్ళాను. అప్పటికీ బోర్లానే ఉన్నాడు, మొహం మంచం అంచుకి వాలి నేలని చూస్తోంది. నేను వాడి మొహం కనపడాలని మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"వెనకాల ఎంతమంది మావా?"

"ముగ్గురు."

"ముగ్గురూ చూశారా?"

"చూశార్రా. మొదటివాడు నాతో అన్నాడు, చాలా దూరం నుంచే కనపడ్డావని."

డాక్టరు అంతకుముందే చెప్పాడు నాకు, తొడల మీద చర్మం తీసి వీపుకి వెయ్యాలని, కుడి చెయ్యి భుజం పైకి ఇక లేవదని.

"ఇంత చిన్న సంగతి," అన్నాడు రెజ్. "నలుపు కాని ఇంకో రంగు. ఆల్విన్ ఉన్నప్పుడే ఎవడికైనా తట్టుంటే ఎంత బావుండేది. ఎవడికీ తట్టలేదు చూడు మావా."

నేను లేచాను. ఇంకో పూట ఆగితే ఇక ఎప్పటికీ చెప్పనని తెలిసిపోయింది.

సోమవారం పొద్దున్నే మిల్లుకి వెళ్ళాను. మూడు వందల మగ్గాలు ఆడుతుంటే అక్కడ పిడుగు పడినా వినపడదు. నేతగత్తెలు శబ్దం లేకుండా మాట్లాడుకుంటారు. మూతి పెద్దగా కదుపుతారు, అవతలివాళ్ళు పెదాలు చూసి అందుకుంటారు. షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి ఊసులు అలాగే నడుస్తాయి. మా అమ్మ మాకు మాటలతో పాటే అదీ నేర్పింది. ఇంట్లో ఎదురుగా కూర్చుని చెప్పలేనిది అక్కడ చెప్పగలనేమో అనుకున్నాను. నా గొంతు నాకే వినపడదుగా.

అక్క తన నాలుగు మగ్గాల మధ్య నిలబడి ఉంది. నన్ను చూసి మూతి కదిపింది. "ఏంటి ఇక్కడికొచ్చావ్?"

గడప దగ్గర నుంచే చెప్పాను. "అక్కా, ఆల్విన్ ఎర్ర సూటు అడిగాడు. ఫిబ్రవరిలో. నల్లదైతే మంచులో కనపడనని చెప్పి మరీ అడిగాడు. నేను కుట్టలేదు. పబ్బులో వాణ్ణి ఆట పట్టించాను. అందరి చేతా నవ్వించాను. రెజ్ తప్పు కాదు. వాడికి తారు అతుకు కనపడింది, మన పిల్లాడు కనపడలేదు. కనపడకుండా చేసింది నేను."

అక్క చేతిలో దారపు కండె ఉంది. అలాగే పట్టుకుని ఉంది.

ఎక్కడో ఒక మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. తల తిప్పి చూద్దును కదా, వరసలు వరసలుగా ఆడవాళ్ళు, అందరి కళ్ళూ నా మూతి మీదే. నేతగత్తె కడుపున పుట్టినవాణ్ణి, అందరూ చదివేస్తారని తెలీదా అంటే తెలుసు. అక్క మొహం తప్ప ఇంకేదీ గుర్తులేకపోయింది. మూడో వరసలో రెజ్ తల్లి నిలబడి ఉంది. ఆవిడా మొత్తం చదివింది.

అక్క మూతి నెమ్మదిగా కదిలింది. "నువ్వు నవ్వించినప్పుడు వాడేం చేశాడు?"

"వాడూ నవ్వాడు అక్కా."

అక్క మగ్గం వైపు తిరిగింది. దారం తెగి ఉంది, ముడి వేసింది. రెండుసార్లు జారింది, మూడోసారి పడింది. మగ్గం మళ్ళీ వేసింది. తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే వేశారు.

గురువారం సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళే బస్సు నా కొట్టు ముందు ఆగింది. అక్క ఎక్కింది, చేతిలో గుడ్డ కప్పిన గిన్నె. వెనకాలే రెజ్ తల్లి ఎక్కి, ఒక్క క్షణం నిలబడి, అక్క పక్కనే కూర్చుంది. నేను తలుపు దగ్గర టోపీ తీశాను. కిటికీ అద్దంలోంచి కనపడ్డారు, ఇద్దరూ ఎదురుగా రోడ్డు వైపే చూస్తున్నారు. బస్సు కదిలింది.