అందరికీ కనబడే పాచిక

తోరున్ ఊళ్ళో పళ్ళ డాక్టరు లుద్మీలా అబద్ధాలాడటంలో చెయ్యి తిరిగిన మనిషి. "చీమ కుట్టినట్టుంటుందంతే" అంటూ రోజంతా ఆడేవి వృత్తిలో భాగం, వాటి సంగతి వదిలేద్దాం. ఆమె అసలు పనితనమంతా గురువారం సాయంత్రాలు బయటపడేది. ఆ రోజు ఆమె వంటింటి బల్ల చుట్టూ ముగ్గురు స్నేహితులు చేరేవారు. లుద్మీలా కథ నడిపేది, తక్కిన ముగ్గురూ ఆ కథలో తలొక వేషం కట్టేవారు. అడవిలో తోడేలు ఎదురైతే పారిపోతారో కలబడతారో వాళ్ళిష్టం. కలబడితే దెబ్బ తగిలేదీ లేనిదీ ఇరవై ముఖాల పాచిక తేల్చేది. తోడేళ్ళ తరఫున, దొంగల తరఫున, భూతాల తరఫున పాచిక వేసే పని లుద్మీలాది. బల్ల మీద ఒక అట్ట నిలబెట్టుకుని దాని వెనక వేసేది, ఎంత పడిందో పైకి చదివేది. పడిందొకటి, చదివింది ఇంకొకటి అయిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

ఇందులో ఆమెకు ఒరిగేదేమీ లేదు. రోజంతా ఉద్యోగంలో నలిగి, అన్ని మెట్లెక్కి వచ్చి, ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయ నములుతూ ఆశగా కూర్చున్న మనిషిని ఓ ప్లాస్టిక్ ముక్క చెప్పిందని చంపెయ్యడం ఆమెకు చేతకాదు. అలాగని ఎప్పుడూ కాపాడుతూ పోతే ఆటలో ఉప్పూ కారం ఉండదు కాబట్టి నిజం కూడా తరచుగానే చెప్పేది. ఎప్పుడు ఏది చెప్పాలో తెలియడమే ఆ విద్య. అట్ట వెనక జరిగే భాగోతం ఎవరికీ తెలియదని ఆమెకు గట్టి నమ్మకం.

కాలక్రమంలో బల్ల చెదిరిపోయింది. తిమోన్ ఓడలు కట్టే పనికి గ్దాన్స్క్ వెళ్ళిపోయాడు. కలీనాకు దేశానికి ఆ మూల జెషూఫ్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. కోస్మా ఊళ్ళోనే ఉన్నాడు, ట్రాము ఎక్కితే ఎంతో దూరం లేదు, కానీ లుద్మీలా ఉండే నాలుగో అంతస్తు పేరెత్తితేనే ఆయన మోకాళ్ళు ససేమిరా అంటున్నాయి. చేసేది లేక ఆటను ఇంటర్నెట్‌లోకి మార్చారు.

ఏ సైటులో ఆడాలో వెతికి పెట్టే భారం కోస్మా నెత్తిన వేసుకున్నాడు. ఆయన పన్నుల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. రసీదు చూపించందే సొంత తమ్ముణ్ణి కూడా నమ్మడని తిమోన్ ఎగతాళి చేస్తుంటాడు. ఆయన పట్టుకొచ్చిన సైటులో రంగురంగుల పటాలున్నాయి, వాన చప్పుడుంది, గుహలో దీపం పట్టుకుని నడిస్తే గోడల మీద నీడలు కదులుతాయి. వీటన్నిటినీ మించినది ఇంకొకటుంది. అక్కడ ఎవరు వేసిన పాచికైనా అందరి తెరల మీదా ఒకేసారి దొర్లుతుంది. దాచడానికి లేదు, మార్చడానికి లేదు. మోసాలతో విసిగిపోయిన ఆటగాళ్ళు కోరి మరీ చేయించుకున్న ఏర్పాటు ఇదని సైటు వాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు. పద్ధతంటే ఇదీ అని కోస్మా మురిసిపోయాడు. లుద్మీలా గుండెల్లో రాయి పడింది.

ఓసారి ఆమె తెలివిగా తన పాత పాచికనే బల్ల మీద వేసి అంకె చదవబోయింది. కెమెరా కాస్త కిందికి వంచితే మేమూ చూసి తరిస్తాం కదా అన్నాడు కోస్మా. ఆమె మళ్ళీ ఆ జోలికి పోలేదు.

ఒక గురువారం ఆట మొదలుపెట్టే ముందు, మీకింకా ఏమేం కావాలో చెప్పండని సైటు వాళ్ళు అడిగిన సంగతి మీద చర్చ నడిచింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఆ యంత్రం ఒకరి గొంతు మింగేస్తోందని, తను జోకు వేశాక నవ్వు వచ్చి చేరేలోగా జోకు చల్లారిపోతోందని తిమోన్ వాపోయాడు. నియమాలు క్షణంలో వెతికిపెట్టే ఏర్పాటు కావాలన్నాడు కోస్మా. నియమాలన్నీ నీకు కంఠతా వచ్చుగా, ఇంకా వెతుకులాట దేనికని తిమోన్ దెప్పాడు. కలీనా మాత్రం చెక్కబల్ల మీద పాచిక దొర్లే చప్పుడు కావాలంది. కొంచెం ఆగి, "అదీ లేకపోయినా పర్లేదులే. నాకు గురువారం ఉంటే చాలు" అంది. లుద్మీలా తన వంతు వచ్చినప్పుడు అంతా బాగానే ఉందని చెప్పి తప్పించుకుంది. ఆమెకు కావలసింది ఒక అట్టముక్క. అడిగిందంటే ఇన్నేళ్ళ గుట్టు రట్టవుతుంది.

ఆ అవసరం ఎంత ఉందో ఆమెకే తెలుసు. కలీనా కాలేజీలో చదివే రోజుల నుంచి కడుతున్న వేషం బ్రోంకా. ఒంటికన్ను ముసలిది, తెప్ప నడుపుతుంది, నోరు విప్పితే బూతులు. బడిలో గట్టిగా మాట్లాడని కలీనా బ్రోంకా అయిపోగానే రాజులను కూడా అడ్డంగా తిట్టిపోసేది. కొత్త ఊళ్ళో ఆమెకు పలకరించే దిక్కు లేదు. మొన్న ఆదివారం ఫోన్ చేసి మామూలుగానే అన్న మాట లుద్మీలాను నిద్రపోనివ్వలేదు. "బ్రోంకా చచ్చిపోతే మాత్రం ఇంకో వేషం కట్టే ఓపిక నాకు లేదు లుద్మీలా. అప్పుడు మీరు ముగ్గురూ ఆడుకోండి." ఆ మాటకు అర్థం లుద్మీలాకు తెలుసు. ముందు గురువారాలు పోతాయి, తర్వాత పుట్టినరోజు శుభాకాంక్షలు మిగులుతాయి, ఆపైన అవీ ఉండవు. ఆ పిల్లను పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

అందుకే ఆ రోజు కథలో నది భూతాన్ని హాయిగా నిద్రపుచ్చి పెట్టింది. చప్పుడు చెయ్యకుండా తెప్ప దాటించుకుంటే ఏ గొడవా లేదు. కోస్మా కట్టిన సన్యాసి, తిమోన్ కట్టిన దొంగ దాటారు. బ్రోంకా నడి నీళ్ళలో తెప్ప తాడు పట్టుకుని నిలబడింది. ఇంతలో, భూతం గురక పెడుతోందో లేదో చూద్దామని తిమోన్ కొమ్ముబూర ఊదాడు.

"ఒరే, నీకేమైనా మతి పోయిందా?" అంది లుద్మీలా.

"నేను కాదు, మా దొంగ ఊదాడు. వాడి బుద్ధే అంత" అన్నాడు తిమోన్ తాపీగా.

భూతం లేచింది. పాపం ఆకలితో ఉందని, చేపలు ఇస్తే మాట్లాడి పంపెయ్యొచ్చని లుద్మీలా కథను పక్కకు తిప్పబోయింది. కోస్మా గొంతు సవరించుకున్నాడు. నిద్ర లేపిన భూతం ముందు కొట్టాలి, మాటలు ఆ తర్వాతే, అది నియమం అన్నాడు. ఆయన్ని నోరారా తిట్టుకుంది లుద్మీలా, మనసులోనే. అంతకు ముందు కొట్లాటలో దెబ్బలు తిని బ్రోంకా అప్పటికే సగం చచ్చి ఉంది. భూతం పాచిక పదిహేను దాటితే ముసలిదాని పని అయిపోయినట్టే.

గొంతు తడుపుకోవాలని లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. పటం సరిగ్గా కనబడుతోందా అని అందర్నీ అడిగింది. ఇక సాగదీయడానికి ఏమీ దొరక్క, కళ్ళు చిట్లించుకుని మీట నొక్కింది.

నాలుగు తెరల మీదా పాచిక దొర్లి ఆగింది. ఇరవై. అంతటితో సరిపెట్టకుండా సైటు ఎర్రదీపాలు వెలిగించి, పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు బాకా కూడా ఊదింది.

తిమోన్ ముఖం పాలిపోయింది. కలీనా తల వంచుకుని, "సరే. బాగానే బతికిందిలే ముసలిది" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. లుద్మీలాకు ఏడుపొచ్చింది. ఎన్నో చావులను ఇట్టే తప్పించిన నోరు ఇప్పుడు పెగలడం లేదు. అంత పెద్ద ఎర్ర అంకె అందరి ఎదుటా పెట్టుకుని ఏమని అబద్ధమాడుతుంది?

"లుద్మీలా" అన్నాడు కోస్మా.

"ఊఁ."

"నా తెర బిగుసుకుపోయింది. పాచిక ఇంకా తిరుగుతూనే ఉందిక్కడ. ఎంత పడింది?"

ఆమెకు మొదట అర్థం కాలేదు. "నీకు కనబడలేదా?"

"లేదు. పాడు సైటు. దీన్ని తెచ్చిన వాణ్ణి అనాలి. నువ్వే చూసి చెప్పు, ఎప్పుడూ చెప్పేదానివిగా."

కెమెరాలో ఆయన ముఖం నిక్షేపంగా కనబడుతోంది. చెంపల మీద ఎర్రదీపం వెలుగు పడి ఆరుతోంది, పడి ఆరుతోంది. ఆయన మాత్రం కళ్ళు తిప్పుకోకుండా ఆమెనే చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది లుద్మీలాకు, అట్ట వెనక సంగతి ఈ మనిషికి మొదటి నుంచీ తెలుసని. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. దాని వెనకే కొండంత సంతోషం.

"నాదీ పోయింది. ఓడరేవు గాలికి ఇక్కడ లైను నిలవదు" అన్నాడు తిమోన్ గబగబా.

ఇక మిగిలింది కలీనా. ఆమె తల ఎత్తి ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"నాకు కూడా ఏం కనబళ్ళేదు. త్వరగా చెప్పు లుద్మీలా, నీళ్ళలో నిలబడి కాళ్ళు కొంకర్లు పోతున్నాయ్ ముసలిదానికి" అంది.

లుద్మీలా తెర మీద వెలుగుతున్న ఇరవైని కళ్ళారా చూసింది.

"ఏడు" అంది.

కోస్మా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"నియమం ప్రకారం ఏడుకి దెబ్బ తగలదు" అన్నాడు. "కానియ్, ఆట సాగనియ్."