పొట్ట ముక్క

గొడుగు సారు చేసిన పని పగవాడు కూడా చేయడు. వాన లేకపోయినా గొడుగు వదలని ఆ మత్స్యశాఖ ఆఫీసరు ఏటా రేవుకు వచ్చేవాడు. జాలరి పడవలో పెద్ద చేపలు ఏరి, పరీక్షకని ఐసు పెట్టెలో వేయించుకుని పోయేవాడు. ఇంటికి కూడా రెండు పట్టుకెళ్లమని జాలరి ఎంత బతిమాలినా ముట్టేవాడు కాదు. లంచం చేప కూడా తినని మనిషని జాలరి పదిమందికీ చెప్పుకునేవాడు. పరీక్షలో ఏం తేలిందని అడిగితే, ఎగువన రంగుల ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లయింది, నీళ్లు అద్దంలా లేవా అంటూ భుజం తట్టేవాడు సారు. నిజమే, నీళ్లు అద్దంలాగే ఉన్నాయి. అడుగున బురదను ఎవడు చూడొచ్చాడు?

జాలరి కూతురు కడుపుతో ఉంది. రెండు వీధుల అవతలే కాపురం. ముసలి చేప పడినప్పుడల్లా దాని పొట్ట ముక్క, వేలు మందాన కొవ్వుతో మెరిసేది, కోసి ఆమెకు పట్టుకెళ్లేవాడు. బేరగాళ్లు ఎంత పెంచినా, అది నా మనవడి వాటా, చూపు కూడా తగలనివ్వను అనేవాడు.

ఒక సాయంత్రం కూతురు గుమ్మంలోనే ఆపేసింది.

"అది లోపలికి తేకు నాన్నా."

బస్సు నడిపే అల్లుడు ఏమైనా అన్నాడేమోనని జాలరి మొహం మాడిపోయింది. ఆమె కూర్చోబెట్టి చెప్పింది. ఏం తింటున్నావని ఆసుపత్రిలో నర్సు అడిగిందట. మా నాన్న పొట్ట ముక్క దాచి తెస్తాడని గొప్పగా చెబితే, నర్సు మొహం మారిపోయిందట. ఫ్యాక్టరీ విషం ఇంకా బురదలోనే ఉందట. బురదలోంచి చేపలోకి, చేపలో కొవ్వులోకి చేరుతుందట. చేప ఎంత ముసలిదైతే విషం అంత ఎక్కువట. పార్కు దగ్గర ఏటి ఒడ్డున బోర్డు కూడా పెట్టారట.

"మరి ఇన్నాళ్లూ తిన్నది?"

"ఏమవుతుందో ఆవిడకీ తెలీదట."

మామా అల్లుళ్లు పార్కుకు వెళ్లారు. బోర్డు కొత్తదేం కాదు, మేకుల తుప్పు కిందికి కారి చారలు కట్టింది. అల్లుడు పైకి చదివాడు. ముసలి చేపలు తినొద్దు, కొవ్వు తీసి పారేయండి, కడుపుతో ఉన్నవాళ్లూ పిల్లలూ అసలు ముట్టొద్దు. మడత కుర్చీలేసుకుని, సరదాకు గాలం వేసి, పడిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేసే దొరలకు ఆ హెచ్చరిక. తిని బతికేవాళ్లకు భుజం మీద తట్టుడు.

మర్నాడు ఆఫీసులో గొడుగు సారు కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. బోర్డు రేవులో ఎందుకు పెట్టలేదని జాలరి నిలబడే అడిగాడు.

"పెడితే నీ చేప ఎవడు కొంటాడయ్యా? నీ మంచి కోరే ఆపించాను."

"నా మంచి నా కూతురి కడుపులో ఉంది సారూ. ఒక్క చేప ఇంటికి పట్టుకెళ్లకపోతే నిఖార్సయిన మనిషనుకున్నాను. మీ పిల్లల్ని కాపాడుకున్నారన్నమాట."

సారు ఫ్యాను వంక చూస్తూ, పైనుంచి ఆర్డరు రావాలన్నాడు. టీ చల్లారిపోయింది.

జాలరి తిన్నగా రేవుకు పోయి, గంప పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ బోర్డులో ఉన్నది చెప్పాడు. చంకన పిల్లతో వచ్చినామె చేతిలో చేపను గంపలో పడేసి చెయ్యి చీరకు తుడుచుకుంది. నోటికాడ కూడు తీశావు కదరా అని పక్క పడవలవాళ్లు తిట్టిపోశారు. అతను చెబుతూనే ఉన్నాడు.

ఏట్లో వల వేసుకునే హక్కుకు ఆ ఏడాది వేలంలో కట్టిన సొమ్ము వెనక్కిమ్మని అదే ఆఫీసులో అడిగాడు. అమ్మొద్దని ఎవరూ అనలేదే, అమ్మడం మానింది నువ్వేగా అని గొడుగు సారు కబురంపాడు.

పోయింది నలభై ఆరు వేల మూడు వందలు.