పండించే మందు

కొత్త పట్టుపురుగులు ఇంటికొచ్చిన రోజు మొదటి పిడికెడు మల్బరీ ఆకు కోడలి చేత వేయించడం కెంపమ్మ ఇంట్లో అలవాటు. ఎనిమిదేళ్ళుగా అది పెద్దకోడలు మంజుశ్రీ పని. ఈసారి కెంపమ్మ ఆకుబుట్టను చిన్నకోడలు వర్ష ముందు పెట్టింది.

"కడుపుతో ఉండే చెయ్యి. నువ్వెయ్యమ్మా," అంది.

మంజుశ్రీ గుమ్మంలో నిలబడి చూసింది. ఆకు ఒక మూల కుప్పగా పడింది, ఇంకో మూల అసలు పడలేదు. తను వేసుంటే అలా పడేది కాదు. పిల్లల కోసం చిక్కబళ్ళాపురం ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి ఆమె మానేసి చాలా కాలమైంది. వర్ష చాకవేలు నుంచి కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు.

పంట చివరికొచ్చేసరికి వర్షకు మూడో నెల. రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలింది. పురుగుల్ని వదిలి రావడానికి ఆమె మొగుడు అమరేష్‌కు వీలు కాలేదు. పీయూసీ చదివిందని మంజుశ్రీనే తోడిచ్చి చింతామణి ఆసుపత్రికి పంపారు.

స్కానింగ్ గదిలో తెర మీద బిడ్డ గుండె కొట్టుకుంటోంది. వర్ష కళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు, చెవికి ఏదీ ఎక్కలేదు. మంజుశ్రీ తెర వైపు చూడలేకపోయింది. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక డాక్టరమ్మ మొహమే చూస్తూ కూర్చుంది. అందుకే ప్రతి మాటా నాటుకుంది. బిడ్డకు ఆ థైరాయిడ్ గ్రంథి మొదట నాలుక అడుగున పుట్టి, మెల్లగా మెడలోకి దిగుతుందట. దిగినా తనకు చాలినంత హార్మోన్ తయారు చేసుకోవడానికి ఇంకా నెలలు పడుతుందట. అంతవరకు తల్లి ఒంట్లోదే బిడ్డకు. బిడ్డ మెదడు పెరిగేది దాంతోనే. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలి, ఒక్క రోజు కూడా మానకూడదు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి అమరేష్ గూడు కట్టేందుకు పండిన పురుగుల్ని చంద్రికలనే వెదురు తట్టల మీదికి ఏరి వేస్తున్నాడు. అంతకు ముందు రోజే, అన్నీ ఒకేసారి గూడు కట్టాలని, ఆకు మీద మందు చల్లాడు. అదేం మాత్ర అని అడిగితే, హార్మోన్ మాత్ర అంది వర్ష. అతని చెయ్యి ఆగిపోయింది.

"నిన్న పురుగులకు కొట్టింది గూడా హార్మోనే గదమ్మా," అన్నాడు తల్లితో. "పొద్దుటికంతా ఎట్ల పండిపోయినాయో చూస్తివి గదా. బిడ్డ గూడా అట్లే నెలలు నిండకముందే పండితే?"

కెంపమ్మ భయపడింది. తొందరపడి మందు కొడితే గూళ్ళు పల్చనవడం ఆమె చూసినదే. పెద్దకోడలి వైపు తిరిగింది.

"నువ్వు పక్కనే ఉంటివి గదా. డాక్టరమ్మ ఏం చెప్పె?"

మంజుశ్రీ కాళ్ళు కడుక్కుంటోంది. తల ఎత్తలేదు. "అంతా ఇంగ్లీషులో చెప్పిందత్తా. నాకు సరిగ్గా తెలీలా."

మాత్రల అట్ట పురుగుల మందుల పక్కన అరమీదికి పోయింది.

వర్ష ఎప్పుడు చూసినా నిద్రపోతుండేది. మొహం ఉబ్బింది. ఒళ్ళు చేస్తాండాదని కెంపమ్మ మురిసిపోయి అన్నంలో ఇంకో గరిటె నెయ్యి పోసేది. మంజుశ్రీ మొగుడు ఆనంద్‌కుమార్ సంత నుంచి మరదలికని పుల్లటి మామిడికాయలు తెచ్చాడు. ఎనిమిదేళ్ళలో నీకేం కావాలని పెళ్ళాన్ని అడిగిన మనిషి కాదు. ఆ సాయంత్రం మంజుశ్రీ అర దగ్గరికి పోయి అట్ట తీసి చూసింది. ఒక్క మాత్రా తగ్గలేదు. ఆమెకు మనసు చల్లబడింది.

మళ్ళీ కొత్త పురుగులొచ్చాయి. ఎంత లేపినా వర్ష లేవలేదు.

"పాపం, దానికి ఒళ్ళు బరువుగా ఉండాది. నువ్వే వెయ్యి మంజూ," అని కెంపమ్మ బుట్ట తెచ్చి చేతికిచ్చింది.

మంజుశ్రీ కోరుకున్నదే అది. పిడికెడు ఆకు తీసి సన్నగా, సమంగా చల్లింది. వెంట్రుకంత పురుగులు తలలెత్తి ఆకును పట్టుకున్నాయి. రెండో పిడికెడుకు చెయ్యి లేవలేదు. మాత్ర లేకే వర్ష లేవలేకపోతోందని, ఈ బుట్ట తన చేతికి అందుకే వచ్చిందని ఆమె ఒక్కదానికే తెలుసు. వర్ష మీద ఉన్న మంట అలాగే ఉంది. కానీ వర్ష కడుపులో ఉన్నదానికి తనదంటూ ఇంకా ఏమీ లేదు. పెడితే తినాలి, పెట్టకపోతే లేదు.

బుట్ట దించి వంటింట్లోకి పోయింది. కెంపమ్మ, అమరేష్ కాఫీ తాగుతున్నారు. వర్ష అప్పుడే లేచొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

"పురుగుల మందు వేరే, ఈ మాత్ర వేరే," అంది మంజుశ్రీ. "ఇది బిడ్డను పండించేది కాదు. బిడ్డ మెదడుకు కావాల. దానికి ఈ హార్మోన్ సొంతంగా ఇంకా రాలేదు, వర్ష ఒంట్లో ఉంటేనే దానికి. మానకూడదని డాక్టరమ్మ చెప్పె."

"తెలీలేదంటివే?" అంది కెంపమ్మ.

"తెలుసు."

ఎవరూ తిట్టలేదు. అమరేష్ లోటా కింద పెట్టి బండి తాళం తీసుకున్నాడు. చింతామణిలో డాక్టరమ్మ కోప్పడింది, మాత్ర మోతాదు పెంచింది, కొత్త అట్ట రాసిచ్చింది. పోయిన రోజుల సంగతి ఇప్పుడు చెప్పలేనని, బిడ్డ పుట్టాక మడమ నుంచి రక్తం తీసి చూస్తామని అంది.

మరునాడు ఇంట్లో అందరికన్నా ముందు మంజుశ్రీ లేచింది. అరమీది పాత అట్ట నుంచి ఒక మాత్ర తీసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని వర్ష పక్క దగ్గరికి పోయి పిలిచింది. వర్ష లేచి కూర్చుని చెంబు అందుకుంది. మంజుశ్రీ అరచేతిలో ఉన్న మాత్ర వైపు వర్ష చూసింది. తర్వాత దిండు కింద నుంచి కొత్త అట్ట తీసి, దాని వెనక పేరు చదివి, ఒక మాత్ర తీసి వేసుకుంది.

"నేనే వేసుకుంటాలే అక్కా," అంది.

మంజుశ్రీ చాపిన చెయ్యి అలాగే ఉంది.